లాల్‌బీ తలకు తగలని దెబ్బ

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటింది. బస్సులు డిపోల్లోనే నిద్రపోతున్నాయి, బడులకు తాళాలు పడ్డాయి, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే పండుగ. మరిపెడకు ఇవతల హైవే మీద ఉన్న ఎర్రకుంట అడ్డరోడ్డులో దుకాణాల షట్టర్లు ఎత్తిన రోజుల కంటే దించిన రోజులే ఎక్కువయ్యాయి. గాజుల లాల్‌బీ మాత్రం ఇందుకు ఎవరినీ తిట్టుకోలేదు. రాష్ట్రం రానీ, గాజులు ఎక్కడికి పోతాయి, ఆ తర్వాతైనా అమ్ముకోవచ్చు అనేది ఆమె మాట. పైగా ఆ రోజు పూర్తి బంద్. ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న పనిని తీరిగ్గా చేసుకోవచ్చు. తలకు మైదాకు, అంటే గోరింటాకు, పెట్టుకోవచ్చు.

లాల్‌బీ మైదాకు ఆషామాషీ వ్యవహారం కాదు. ముందురోజే ఇనుప మూకుట్లో నానబెట్టి, పొద్దున దాంట్లో చిక్కటి చాయ్ డికాక్షనూ బీట్‌రూట్ రసమూ కలిపి, జుట్టు పాయలు పాయలుగా తీసి పట్టిస్తుంది. అరవైకి దగ్గరపడుతున్నా ఆ జుట్టు దానిమ్మ గింజలా మెరుస్తుందని ఊరి ఆడవాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకోవడం మరిచిపోతే ఆమే గుర్తుచేస్తుంది.

కోడలు మెహనాజ్ అంగన్‌వాడీ టీచరు. సమ్మెలో ఉంది కాబట్టి రోజూ పొద్దున్నే తయారై హైవే పక్కన వేసిన దీక్ష టెంటుకు వెళ్తుంది. ఆ రోజు అక్కడ వంటావార్పు కూడా పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం. మెహనాజ్ చెప్పులు తొడుక్కుంటూ, కూతురు కహ్కషాన్ ఈ మధ్య సందూకు పెట్టె ఎక్కి చక్కెర డబ్బా కోసం చెయ్యి చాపుతోందనీ, కాస్త కనిపెట్టి ఉండమనీ అత్తతో చెప్పింది. నాలుగేళ్ల పిల్లను చూసుకోవడం తనకు నేర్పుతున్నందుకు లాల్‌బీకి ఒళ్లు మండింది. నలుగురిని కని పెంచాననీ, వాళ్లలో ఒక్కరికి కూడా ఒంటి మీద గీత పడలేదనీ గట్టిగానే చెప్పింది. అందులో రెండో మాట అబద్ధం. మెహనాజ్ మొగుడు ఆమెర్ నుదుటి మీద మచ్చ ఈ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ అతను ఖమ్మంలో లారీల మెకానిక్కు, బస్సుల్లేక అక్కడే చిక్కుకున్నాడు కాబట్టి, ఆ మచ్చ సాక్ష్యం చెప్పడానికి ఊళ్లో లేదు.

లాల్‌బీ ముక్కాలిపీట మీద కూర్చుని సగం తలకు మైదాకు పట్టించిందో లేదో, లోపల ఏదో దబ్బుమని పడింది. ఆ వెంటనే ఏడుపు వినిపించలేదు. పిల్లలు పడ్డాక ఏడుపు రావడానికి పట్టే ఆ కాసేపు ఎంత పొడుగో పెంచినవాళ్లకే తెలుసు. లాల్‌బీ లేచి పరుగెత్తేసరికి కహ్కషాన్ గడప దగ్గర బోర్లా పడి ఉంది. పిడికిట్లో చక్కెర అలాగే ఉంది. లేవదీసి చూస్తే గడ్డం కింద అడ్డంగా చీలి, నెత్తురు కారుతోంది.

లాల్‌బీకి ఒక అలవాటు ఉంది. భయం వేసినప్పుడల్లా కోపం తెచ్చుకుంటుంది. ముందు సందూకును తిట్టింది. తర్వాత గడపను తిట్టింది. తర్వాత చక్కెర డబ్బాను అంత ఎత్తున పెట్టిన మెహనాజ్‌నూ, పెడితే పెట్టింది, చేతికి అందేంత ఎత్తునే పెట్టినందుకు మళ్లీ మెహనాజ్‌నే తిట్టింది. ఈ తిట్ల మధ్యలోనే చున్నీ కొంగు మడిచి పిల్ల గడ్డానికి ఒత్తిపట్టింది. పిల్ల అప్పటికి ఏడుపు మొదలుపెట్టి, డబ్బాలో చక్కెర ఒలికిపోయినందుకు కూడా కలిపి ఏడుస్తోంది.

ఏడుపు విని పక్కింటి గంగి వచ్చింది. చున్నీ తీసి చూసి, పసుపు పెడితే ఆగేది కాదనీ, కుట్లు పడాల్సిందేననీ తేల్చింది. అంతటితో ఊరుకోకుండా ఆడపిల్ల ముఖం కదా అని ఒక నిట్టూర్పు కూడా విడిచింది. ఆ నిట్టూర్పు లాల్‌బీ గుండెలో సూదిలా దిగింది.

"గంగీ, ఈ సంగతి మెహనాజ్‌కు చెప్పకు. కుట్లేపిచ్చుకొని నేనే చెప్పుకుంట" అంది లాల్‌బీ.

చెప్పనని గంగి ఒట్టు వేసింది. ఆమె మాట మీద నిలబడే మనిషి. మెహనాజ్‌కు చెప్పలేదు. మిగతా అందరికీ చెప్పింది.

పిల్లను చంకనేసుకుని లాల్‌బీ బయటపడింది. తల కడుక్కోవాలన్న ఆలోచనే రాలేదు. నెత్తి మీద కప్పుకోవాల్సిన చున్నీ పిల్ల గడ్డం దగ్గర ఉంది. డాక్టరు ప్రమీల దవాఖాన హైవేకు అవతలి పక్కన ఉంది. హైవే దాటాలంటే తిన్నని దారిలో టెంటు ముందు నుంచే పోవాలి. టెంటులో మెహనాజ్ ఉంది. అందుకని లాల్‌బీ రైసుమిల్లు వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లాలని నిర్ణయించుకుంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చెమటకు మైదాకు కరిగి, కణతల మీదుగా, చెవుల పక్క నుంచి, మెడ దాకా ఎర్రటి చారలు కట్టింది. అది ఆమెకు తెలియదు. తన ముఖం తనకు కనబడదు కదా.

సందు చివర పోలీసులు తాడు కట్టారు. బంద్ రోజు గుంపులు అటు నుంచి వచ్చి రోడ్డెక్కకుండా అట. అక్కడ కానిస్టేబుల్ బాల్‌సింగ్ ఒక్కడే కాపలా ఉన్నాడు. దగ్గర్లోని తండా మనిషి. మెత్తటివాడు. మూడు వారాలుగా రోజూ తన వాళ్ల చేతే తిట్లు తింటూ, తిరిగి ఒక్క మాట అనలేక బిక్కుబిక్కుమంటున్నాడు. లాల్‌బీని చూడగానే అతని ముఖం పాలిపోయింది.

"బీబమ్మా, తలకాయ పగిలింది గదనే" అన్నాడు.

"నా తలకాయకేం కాలే. పిల్ల గదవ తెగింది. తాడు లేపు, పోనియ్."

బాల్‌సింగ్ నమ్మలేదు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు తగిలిన సంగతే తెలియదని ట్రైనింగులో చెప్పారట. పిల్లను తాను అందుకుని, లాల్‌బీని తాడు కిందుగా ఇవతలికి రప్పించి, పక్కనున్న రాయి మీద బలవంతాన కూర్చోబెట్టాడు. లాఠీ చంకలో పెట్టుకుని, దెబ్బ ఎక్కడుందో చూడాలని తన సీసాలో నీళ్లన్నీ ఆమె నెత్తి మీద కుమ్మరించాడు. సగం ఆరిన మైదాకు, డికాక్షను, బీట్‌రూట్ అన్నీ కలిసి ఒక్కసారి కిందికి దిగాయి. లాల్‌బీ ముఖం ఎర్రగా తడిసింది. కుర్తా ఎర్రగా తడిసింది. బాల్‌సింగ్ చేతులు, ఖాకీ చొక్కా, చివరికి చంకలోంచి జారుతుంటే పట్టుకున్న లాఠీ కూడా ఎర్రబడ్డాయి. ఇంత నెత్తురు చూసి పాపం ఆ మనిషే హడలిపోయాడు. లాల్‌బీ తాను పెట్టుకున్న రంగంతా కారిపోతున్నందుకు కేకలు వేసింది. కేకలు విని పిల్ల కూడా అందుకుంది.

సరిగ్గా అప్పుడే వంటావార్పు కోసం కట్టెల మోపులూ, పెద్ద దేగిసా మోసుకుంటూ పది పన్నెండు మంది యువకులు సందు మలుపు తిరిగారు. వాళ్లకు కనబడింది ఇది: రాయి మీద కూలబడి కేకలేస్తున్న ముసలామె, ఆమె నెత్తి మీదుగా కారుతున్న ఎరుపు, నెత్తురోడుతున్న పసిపిల్లను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తడిసిన లాఠీ పట్టుకుని నిలబడ్డ పోలీసు.

దేగిస కింద పడిన చప్పుడు అడ్డరోడ్డు దాకా వినిపించింది. బాల్‌సింగ్ చేతిలోంచి పిల్లను లాక్కున్నారు. లాల్‌బీని లేవదీశారు. ఇతను నన్ను కొట్టలేదురా అని ఆమె అరుస్తూనే ఉంది. భయపడకు అవ్వా, మేమున్నాం, ఇక అతనికి జడవాల్సిన పని లేదు అని వాళ్లు ఓదారుస్తూనే ఉన్నారు. తాను ఎవరికీ భయపడలేదని ఆమె చెప్పింది. ఎంత ధైర్యమో చూడండని వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. దవాఖాన ఇటు అని ఆమె చెయ్యి చూపించింది. వాళ్లు అటు కాకుండా టెంటు వైపు నడిచారు. సాక్ష్యం ముందు జనానికి చూపించాలన్నది వాళ్ల ఆలోచన.

ఆ సందు నుంచి టెంటుకు పెద్ద దూరం లేదు. కానీ కబురు వాళ్లకంటే ముందు చేరింది. ఆపాటికే గంగి చెప్పిన కబురు ఒకటి అక్కడ తిరుగుతూనే ఉంది, లాల్‌బీ ఇంట్లో నెత్తురు పారిందని. ఈ రెండు కబుర్లూ కలుసుకుని పిల్లల్ని పెట్టాయి. పోలీసులు ఇల్లు చొరబడ్డారని ఒకరన్నారు. పిల్లను గోడకు విసిరారని ఇంకొకరన్నారు. లాల్‌బీకి ఇక లాభం లేదట అని మూడో వ్యక్తి అనేసరికి, సాక్షాత్తూ లాల్‌బీయే నడుచుకుంటూ టెంటులోకి వచ్చింది. అయినా ఆ మూడో వ్యక్తి మాట వెనక్కి తీసుకోలేదు.

టెంటు వేదిక మీద వెంకట్రాం సారు ఉన్నాడు. హైస్కూల్లో తెలుగు చెప్తాడు. సమ్మె మొదలైన రోజు నుంచి రోజూ అదే మైకులో, అదే జనానికి, అదే ఉపన్యాసం చెప్పి చెప్పి అలసిపోయి ఉన్నాడు. అలాంటి మనిషి ముందుకు ఎర్రగా తడిసిన ముసలామె నడిచి వస్తే ఇక చెప్పేదేముంది. ఆయన గొంతు ఒక్కసారి లేచింది. కాకతీయుల కాలం నుంచి మొదలుపెట్టి, సాయుధ పోరాటం మీదుగా, లాల్‌బీ నెత్తి దాకా వచ్చాడు. లాల్‌బీ మాత్రం ఆయన మాట ఒక్కటీ వినలేదు. ఆడవాళ్ల వరుసల్లో మెహనాజ్ కోసం వెతుకుతోంది. మెహనాజ్ లేదు. వంటకు బియ్యం పోగు చేయడానికి నలుగురితో కలిసి వాడల్లోకి వెళ్లిందని ఎవరో చెప్పారు. లాల్‌బీకి పోయిన ప్రాణం లేచివచ్చింది. కోడలు తిరిగొచ్చేలోపు కుట్లు పడితే చాలు.

వెంకట్రాం సారు పిల్లను చేతుల్లోకి తీసుకుని పేరు అడిగాడు. పిల్ల చెప్పింది. ఆయన ఆ పేరు పలకడానికి ఒకసారి ప్రయత్నించాడు, రెండోసారి ప్రయత్నించాడు, ఆ తర్వాత "ఈ తెలంగాణ తల్లి ముద్దుబిడ్డ" అని ముందుకు సాగిపోయాడు. ఎవరో అరటిపండు ఇచ్చారు. ఇంకెవరో చేతికి చిన్న జెండా ఇచ్చారు. కహ్కషాన్ ఏడుపు మరిచిపోయి, నోట్లో అరటిపండుతో, జనం ఎటు అరిస్తే అటు జెండా ఊపుతోంది. ఊపినప్పుడల్లా గడ్డం కింద గాయం మళ్లీ నెత్తురు వదులుతోంది. లాల్‌బీ చుట్టూ చూసింది. అక్కడ అంతమంది పెద్దలు, అన్ని గొంతులు, అంత ఆవేశం. ఇంత ముక్క దూది పట్టుకుని పిల్ల గడ్డానికి ఒత్తే చెయ్యి ఒక్కటీ లేదు. రాష్ట్రం మీద ప్రేమ ఉన్నవాళ్లకు పిల్ల గడ్డం కనిపించదా? ఆమె వేదిక ఎక్కి వెంకట్రాం సారు చేతిలోంచి మైకు గుంజుకుంది.

లాల్‌బీ ఊపిరి పీల్చుకుని, తన శక్తికొద్దీ, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇనుండ్రి. నన్ను పోలీసోడు కొట్ట..."

కరెంటు పోయింది.

ఆమె "లే" అన్నది నిజమే. కానీ అది వెంకట్రాం సారుకూ, ముందు వరుసలో కూర్చున్న ఒక చెవిటి తాతకూ మాత్రమే చేరి ఉండాలి. వెంకట్రాం సారు ఆవేశంలో ఉన్నాడు, తాత సంగతి చెప్పనక్కర్లేదు. జనం లేచి నిలబడ్డారు. నినాదాలకు టెంటు గుడ్డ ఊగింది. ఆ గోలలో లాల్‌బీ మళ్లీ మళ్లీ చెప్పిన "లే" లన్నీ గాలిలో కలిసిపోయాయి.

చివరికి ఆమెను దవాఖానకు తీసుకుపోవాలని తీర్మానించారు. నడిపించకూడదని కూడా తీర్మానించారు. చాయ్ దుకాణం ముందున్న నులకమంచం తెచ్చి, ఆమెను పడుకోబెట్టి, నలుగురు భుజాలకెత్తారు. లాల్‌బీ మంచం మీద లేచి కూర్చుంది.

"నలుగురు మోసే దినం నాకింకా రాలేదురా. దించుండ్రి."

దించలేదు. ఆమె మాట్లాడకూడదట, తలలో నెత్తురు గడ్డకడుతుందట. ముందు మంచం, దాని వెనక ఎవరి భుజాల మీదో కహ్కషాన్, ఆ వెనక ఊరంతా కదిలింది. పిల్ల తనకు గుర్తున్న నినాదం ఒక్కటే మళ్లీ మళ్లీ అంటోంది. ఊరేగింపు ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, రోడ్డు దాటి అవతలికి చేరడానికి మామూలుగా బీడీ వెలిగించేంత సేపు సరిపోయేదానికి, ఆ రోజు అన్నం ఉడికేంత సేపు పట్టింది.

బంద్ కాబట్టి ప్రమీల దవాఖాన షట్టరు సగం దించి ఉంది. అర్జెంటు కేసులు మాత్రమే చూస్తున్నారు. షట్టరు కింద నుంచి కాంపౌండరు పౌలు తల బయటపెట్టాడు. డాక్టరమ్మ లోపల కాన్పు చేస్తోందనీ, అంతదాకా తానే చూస్తాననీ చెప్పాడు. పిల్ల గడ్డం చూసి ఇది ఆగుతుందన్నాడు. లాల్‌బీ తల చూసి ఇది ఆగదన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి గుంజాడు.

"నన్ను గాదురా, పిల్లను జూడు" అని లాల్‌బీ మొత్తుకుంది.

గదవ తెగితే ప్రాణం పోదనీ, తల పగిలితే పోతుందనీ, తనకు ఇరవై ఏళ్ల సర్వీసు ఉందనీ పౌలు వివరించాడు. తడి జుట్టులో గాయం దొరకలేదు. మైదాకు తడి పేడలా అంటుకుని, అతని కళ్లకు గడ్డకట్టిన నెత్తురులా ఉంది. జుట్టు తీస్తే తప్ప కుదరదని నిశ్చయించుకున్నాడు. లాల్‌బీకి అతని చేతిలో ఏముందో అర్థమయ్యేలోపే నడినెత్తి మీద బ్లేడు ఒకసారి గీసింది. ఆ తర్వాత జరిగిన పెనుగులాటలో పౌలు కళ్లద్దాలు పోయాయి, లాల్‌బీ గాజులు మూడు పగిలాయి, అరచెయ్యంత బోడి మచ్చ తేలింది. కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకుని పౌలు దాన్ని దగ్గరగా చూశాడు. నారింజ రంగులో నున్నగా మెరుస్తోంది. చీమ కుట్టిన గుర్తు కూడా లేదు.

పౌలు బయటికి తొంగి చూశాడు. బయట వందల మంది ఒక ముసలామె ప్రాణం కోసం అరుస్తున్నారు. లోపల ఆ ముసలామె నెత్తి మీద తాను చేసిన పని తనవైపే చూస్తోంది. అతను ఆలోచించి, దూది పెట్టి, దాని మీద గుడ్డ పెట్టి, తల చుట్టూ బ్యాండేజీ గట్టిగా చుట్టేశాడు. ఏమైనా అడిగితే లోపటి దెబ్బ అంటే సరిపోతుంది. లోపల ఎవరు చూడొచ్చారు?

అప్పుడు డాక్టరు ప్రమీల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లాల్‌బీ ఆమెకు తన తల సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. షట్టరు కింద వంగి, ఎవరి భుజాల మీదున్నదో కూడా చూడకుండా మనవరాలిని లాక్కొచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత. ఈ పిల్లకు కుట్లెయ్యి. పొద్దటిసంది ఎవ్వరు జూస్తలేరు" అంది. ఆ మాట అంటుంటే పొద్దుటి నుంచి పట్టి ఉంచిన కోపం ఎక్కడో చిరిగింది. కళ్లు నిండాయి.

డాక్టరమ్మ గాయం కడిగింది. మత్తు సూది గుచ్చినప్పుడు కహ్కషాన్ ఒక్క కేక వేసి, దాదీ వేలు రెండు పిడికిళ్లతో పట్టుకుంది. లాల్‌బీ పక్కకు చూడకుండా నిలబడింది. తాను కన్న నలుగురిలో ఎవరికి దెబ్బ తగిలినా ఆమె మొగుడే దవాఖానకు తీసుకుపోయేవాడు, ఆమె ఇంట్లో కూర్చుని తిట్టేది. కుట్టు వేయడం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. మొదటి కుట్టు పడింది. రెండోది పడింది. పిల్ల కళ్లెత్తి ఆమె నెత్తి మీది బ్యాండేజీనే చూస్తూ, దాదీకి కూడా నొప్పి పెడుతోందా అని అడిగింది. లేదని తల అడ్డంగా ఊపింది లాల్‌బీ. మూడో కుట్టు ముడివేసి, దారం కత్తిరించి, మచ్చ గడ్డం కిందే ఉంటుందనీ, పెద్దయ్యాక వెతికినా కనబడదనీ డాక్టరమ్మ చెప్పింది. లాల్‌బీ పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టి, ఇంకోసారి సందూకు ఎక్కితే కాళ్లు విరగ్గొడతానని చెవిలో చెప్పింది.

బయట గోల మారింది. జీపు వచ్చింది. ఎస్ఐ బాల్‌సింగ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. జనానికి బాల్‌సింగ్ కావాలి. లేదా అతని ఉద్యోగం కావాలి. ఎస్ఐ మూడు వారాలుగా నిద్ర లేని మనిషి. ఒక కానిస్టేబుల్‌ను పక్కన పెడితే ఈ సాయంత్రం ప్రశాంతంగా గడుస్తుందంటే, ఆయనకు పెద్ద అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు. ఇప్పుడే సస్పెన్షన్‌కు రాసి పంపిస్తానని వెంకట్రాం సారుకు చెబుతున్నాడు. బాల్‌సింగ్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా నిండా ఎర్రటి మరకలు. అతను ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. చెప్పి చూసి, మానుకున్నట్టున్నాడు.

సరిగ్గా అప్పుడే మెహనాజ్ జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. చేతిలో పోగు చేసిన బియ్యం సంచి ఇంకా ఉంది. ముందు పిల్లను చూసింది, గడ్డం కింద పట్టీ చూసింది, తర్వాత అత్త తల చుట్టూ ఉన్న పెద్ద బ్యాండేజీ చూసింది. సంచి జారిపోయింది.

"అమ్మీ, ఏమైంది?"

పొద్దుటి నుంచి లాల్‌బీ గొంతు చించుకుని చెప్పిన నిజం ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆమె ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. కోడలి దగ్గర పరువు నిలుస్తుంది, నలుగురిని పెంచిన చేతులు అలాగే ఉంటాయి. ఎదురుగా బాల్‌సింగ్ నేలవైపు చూస్తున్నాడు. ఒక ముసలామె నెత్తి మీద నీళ్లు పోసినందుకు అతని ఇంట్లో పొయ్యి ఆరిపోబోతోంది. లాల్‌బీకి కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. బహుశా తన మీదే అయ్యుంటుంది, అందుకే అది అన్నిటికంటే పెద్దగా వచ్చింది.

"ఇను మెహనాజ్. అందరు ఇనుండ్రి. నేను తలకు మైదాకు పెట్టుకుంటున్న. పిల్లను సూడలే. పిల్ల సందూకెక్కి పడ్డది. తప్పు నాది. గీ బాల్‌సింగ్ నా మీద చెయ్యెత్తలే, నీళ్లు పోసిండు. నా తలకు ఏ దెబ్బ లేదు."

ఈసారి కరెంటుతో పని లేదు. ప్రతి అక్షరం చివరి వరుస దాకా వినబడింది. వెంకట్రాం సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూసిండ్రా" అన్నాడు. "తల పగిలినా, కొట్టినోని పిల్లలు ఉపాసముండొద్దని నేరం తన మీదేసుకుంటున్నది. గిదీ మన మట్టి గుణం."

జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. లాల్‌బీ నిర్ఘాంతపోయి, ఇది గుణం కాదు మైదాకు అని అరిచి బ్యాండేజీ విప్పబోయింది; కట్టు కదిలించొద్దని ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు. కావాలంటే ఈ పౌలును అడగండి, నెత్తి గీకి చూసింది ఇతనే, అని కాంపౌండరును చెయ్యి పట్టి షట్టరు కింద నుంచి బయటికి ఈడ్చింది. పౌలు జనాన్ని చూశాడు. ఎస్ఐని చూశాడు. బ్యాండేజీని చూశాడు.

"లోపటి దెబ్బ" అన్నాడు నేలవైపు చూస్తూ. "గట్లనే మాట్లాడ్తరు. రెండు మూడు దినాలు."

ఎస్ఐ ఇదే అదునుగా, బాధితురాలే క్షమించింది కాబట్టి తాను రాసేది ఏమీ లేదని ప్రకటించి జీపెక్కాడు. తాను ఎవరినీ క్షమించలేదనీ, క్షమించడానికి అక్కడ ఏమీ లేదనీ లాల్‌బీ జీపు వెనక కొంత దూరం నడిచి మరీ చెప్పింది. బాల్‌సింగ్ టోపీ పెట్టుకుని, ఆమెకు రెండు చేతులు జోడించాడు. వంటావార్పు దగ్గర ఆ రోజు మొదటి విస్తరి ఆమెకే వేస్తామని వెంకట్రాం సారు ప్రకటించాడు. తనకు ఆకలి లేదని ఆమె చెప్పింది. అది మాత్రం నిజం కాదు.

మెహనాజ్ అత్తను రెండు చేతులతో పొదివి పట్టుకుని ఇంటికి నడిపించింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. పిల్లను, పెద్ద మనిషిని ఒంటరిగా వదిలేసి తాను టెంటులో కూర్చోవడమే తప్పని, తనను మాఫ్ చెయ్యమని మళ్లీ మళ్లీ అడిగింది. అత్తాకోడళ్ల మధ్య ఇన్నేళ్లలో మాఫీ అడగడం అదే మొదటిసారి. దాన్ని ఎలా అందుకోవాలో లాల్‌బీకి తెలియలేదు. అందుకోకూడదని మాత్రం తెలుసు. ఇంటికి చేరగానే మంచం మీద పడుకోబెట్టిన కోడలితో మళ్లీ మొదటి నుంచీ చెప్పింది, మైదాకు, సందూకు, చక్కెర, అన్నీ. మెహనాజ్ మధ్యలో ఆపలేదు. అంతా విని, కళ్లు తుడుచుకుని, ఆమె తల కింద ఒక దిండు పెట్టింది.

మర్నాడు లాల్‌బీ ఇంకోసారి చెప్పింది, ఈసారి గట్టిగా. ఇంకో దిండు వచ్చింది. ఆ వారమంతా ఆమె చెబుతూనే ఉంది. పక్కింటి గంగి కూడా ఒక దిండు పంపింది. ఊళ్లో దొరికే దిండ్లన్నీ అయిపోయాక లాల్‌బీ నిజం చెప్పడం మానేసింది.